దెబ్బ వాడికి, చూపు వదిన వైపు

హనుమకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. బాబుకు నాలుగేళ్లు, ఎల్‌కేజీ. భర్త ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా. మిర్చి సీజన్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అత్తగారు లేరు. భర్తను పెంచి పెద్దచేసిన ఆడబిడ్డ రెండు వీధుల అవతలే ఉంటుంది, రోజూ సాయంత్రం వస్తుంది. బాబు మాట వినడం లేదు, వస్తువులు విసిరేస్తున్నాడు, నేల మీద పడి దొర్లుతున్నాడు. ‘కొట్టొద్దని ఒట్టు పెట్టుకున్నాను. అయినా ఈ నెలలో నాలుగుసార్లు కొట్టాను. కొట్టకుండా వేసే మంచి శిక్ష ఏదైనా చెప్పండి. గదిలో పెట్టి గడియ వేస్తే తప్పా?’ అని అడిగారు.

అమ్మా,

శిక్ష గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. గడియ వేయకండి. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు, అన్నం పళ్లెం విసిరిందని బాత్‌రూమ్‌లో పెట్టి గడియ వేశాను. పది నిమిషాలు కూడా కాలేదు. దానికిప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఇవాళ్టికీ స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టుకోదు. తలుపు దగ్గరికి వేసి బకెట్ అడ్డం పెట్టుకుంటుంది. దెబ్బకు బదులు ఏ శిక్ష మంచిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నన్ను పట్టి ఆపింది వేరే విషయం. ఆ నాలుగు సందర్భాలు మీరే రాశారు, మళ్లీ చదువుకోండి. వదిన కొత్త చీర మీద నీళ్లు ఒలికినప్పుడు. వదిన చేతిలో ఫోన్ గుంజుకున్నప్పుడు. వదిన వెంట వచ్చిన చుట్టాల ముందు పళ్లెం తోసినప్పుడు. భద్రకాళి గుడి లైన్‌లో కింద పడి ఏడ్చినప్పుడు, అప్పుడూ వెనకే వదిన. ‘ఆదివారం పొద్దున మేమిద్దరమే ఉంటే ఇంత సతాయించడు’ అని కూడా రాశారు. సతాయిస్తూనే ఉంటాడమ్మా, నాలుగేళ్లవాడు. చూసేవాళ్లు లేనప్పుడు మీకది సతాయింపుగా కనపడదు, అంతే. ‘గట్ల ఇడిసిపెడితె రేపు నెత్తినెక్కి కూసుంటడు’ అని ఆమె అనగానే మీ చేయి లేస్తోంది. ఆమె ముందు మీ పరువు దక్కడానికి వాడి చెంప వాయిస్తున్నారు. ఈ మాట మీకు గుచ్చుకుంటుందని తెలిసే రాస్తున్నాను.

వదిన మీద నాకు కోపం లేదు. తల్లిలేని తమ్ముణ్ని పెంచిన మనిషి. బతుకమ్మకు ఆమెకు చీర పెట్టాలి, ఇంట్లో కూర వండిన రోజు గిన్నె పంపాలి, పెళ్లి మాటల్లో ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ఇందులో దేన్నీ తగ్గించొద్దు. మీ బిడ్డను ఎప్పుడు కొట్టాలో చెప్పే హక్కు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ‘టీచర్ చేయి వేస్తే నేను ఊరుకుంటానా’ అని మీరే ఒక చోట రాశారు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని, మనసు నొప్పించి వేధించకూడదని 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. టీచర్‌కు లేని అధికారం వదిన మాటకు ఎక్కడిది? ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఆమె అంటుందట. బీర తీగను పందిరికి ఎక్కించాలంటే పుల్ల నాటి, దారంతో వదులుగా కట్టి, నీళ్లు పోస్తాం. బెత్తం పట్టుకుని తీగను వంచినవాళ్లను నేను చూడలేదు.

‘అక్కను ఏమీ అనలేను’ అన్నారట మీ ఆయన. గొడవ పడమని ఎవరూ అనడం లేదు. ‘బాబును వాళ్లమ్మ చూసుకుంటది అక్కా’ అన్న ఒక్క మాట చాలు. అది ఆయన నోటి నుంచే రావాలి. మీరంటే కోడలు ఎదురు చెప్పినట్టుంటుంది, ఆయనంటే ఇంటి మాట అవుతుంది. ఈ విషయంలో ఆయన్ని వదిలిపెట్టకండి.

ఇక బాబు సంగతి. బడి నుంచి మూడున్నరకు వస్తాడు, పగలు కునుకు లేదు, నాన్న కోసం చూసి చూసి రాత్రి పదిన్నరకు పడుకుంటాడు, పొద్దున ఆరున్నరకు లేపుతారు. అంటే ఎనిమిది గంటలు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. వదిన వచ్చేది ఆరింటికి, సరిగ్గా వాడు నిద్ర చాలక, కడుపు మాడి ఉండే వేళ. బడి నుంచి రాగానే సర్వపిండి ముక్కో, మక్క గుడాలో పెట్టి, గంటసేపు పడుకోబెట్టండి. రాత్రి పెందలాడే పడుకోనివ్వండి. పొద్దున లేపి స్నానం పోసే పని నాన్నకు అప్పగిస్తే ఇద్దరి ముచ్చటా తీరుతుంది. చాలా మట్టుకు ఇక్కడే సర్దుకుంటుంది.

కోపం వచ్చినా చేయి ఆపుకునే శక్తిని ఇచ్చేది మెదడు ముందు భాగం. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై అయిదేళ్లు వస్తాయి. నాలుగేళ్లవాణ్ని ‘బుద్ధిగా ఉండు’ అంటే వాడి దగ్గర లేనిది తెమ్మన్నట్టే. అలాగని కొట్టనంత మాత్రాన ఇంట్లో వాడు ఆడింది ఆట, పాడింది పాట కానక్కర్లేదు. నీళ్లు ఒలికాయా, గుడ్డ చేతికిచ్చి, పక్కన కూర్చుని తుడిపించండి. బొమ్మ విసిరాడా, సాయంత్రం దాకా ఆ బొమ్మ అటక మీదే. మిమ్మల్ని కొట్టబోతే చేయి పట్టుకుని, వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని, ‘కోపమొచ్చిందా బిడ్డా, కొట్టనియ్య’ అని ఒక్కసారి చెప్పండి. పది మాటలు వాడి చెవికెక్కవు. టీవీ కట్టేసే ముందు ‘ఈ పాట అయిపోంగనే బంద్’ అని చెప్పి, అయిపోగానే నిజంగా కట్టేయండి. ఏడుస్తాడు. ఏడవనివ్వండి, మీరు పక్కనే ఉండండి. గుడిలో దొర్లితే ఎత్తుకుని లైన్‌లోంచి బయటికి వచ్చి నీడన కూర్చోండి. అమ్మవారి దర్శనం ఇంకో రోజు చేసుకోవచ్చు. ‘పోలీసు పట్టుకపోతడు’ అనడం మాత్రం ఇవాళే మానండి. రేపు ఏ జాతరలోనో తప్పిపోతే వాడు వెతుక్కుంటూ వెళ్లాల్సింది ఆ పోలీసు దగ్గరికే.

చివరగా ఒక పని. దెబ్బలు నాలుగూ వదిన ఎదుటే పడ్డాయి. ఈసారి ఆమె వచ్చి కూర్చున్నాక, బాబును ఒళ్లోకి తీసుకుని ‘నిన్ను కొట్టుడు నాదే తప్పు బిడ్డా, ఇగ కొట్ట’ అని ఆమెకు వినపడేలా చెప్పండి. ఆమె ఏదో ఒకటి అంటుంది. అననివ్వండి. ‘వానికి నేను చెప్పుకుంట వదినా, మీరు కూసోండ్రి’ అని, లేచి చాయ్ పెట్టండి.