పాత చెస్ మాస్టర్ల గేములు చూసినా ఏమీ గుర్తుండట్లేదా? మెరుపు ఎత్తుకు చాలా ముందే ఆగండి

మీరు అడిగింది ఇదీ: మోర్ఫీ, కాపాబ్లాంకా లాంటి పాత చెస్ మాస్టర్ల గేములు వరసగా చూస్తున్నారు, చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, తీరా సొంత గేముకి కూర్చుంటే ఒక్కటీ అక్కరకు రావట్లేదు, ఇంజిన్ (ఎత్తుల బాగోగులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టినా అంకెలు తప్ప ఏమీ మిగలట్లేదు.

నేను చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాను, ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలతో బోర్డు వేసుకుని ఇవే గేములు ఒక్కో ఎత్తూ వేసి మాట్లాడుకుంటాం. పిల్లలైనా పెద్దలైనా అందరూ క్వీన్‌ను బలిచ్చిన చోటే ఆగుతారు. ఆగాల్సింది దానికి ముందు, మాస్టర్ చేతికందినదాన్ని వద్దనుకున్న చోట.

1858లో పారిస్ ఒపెరాలో మోర్ఫీ ఆడిన గేమ్ తీసుకోండి. ఎదురుగా బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ కలిసి ఆడారు, మోర్ఫీవి తెల్ల పావులు, 17 ఎత్తుల్లో మాట్ (రాజు తప్పించుకోలేని చెక్, దాంతో ఆట అయిపోతుంది). గడుల పేర్లలో అక్షరం (ఎ నుంచి హెచ్) నిలువు వరస, అంకె (తెల్ల వైపు నుంచి 1 నుంచి 8) అడ్డ వరస. 7వ ఎత్తులో మోర్ఫీ క్వీన్ బి3కి వచ్చి ఎఫ్7, బి7 రెండు బంట్ల మీదా గురిపెట్టింది. వాళ్ళు క్వీన్‌ను ఇ7లో పెట్టి ఎఫ్7 కాపాడుకున్నారు. ఇక్కడ ఆపి "బి7 బంటు కొట్టేద్దామా?" అని అడిగితే పిల్లలంతా ఒకే గొంతుతో కొట్టేద్దాం అంటారు. కొడితే నల్ల క్వీన్ బి4లో చెక్ ఇస్తుంది, క్వీన్లు మారిపోతాయి, ఒక బంటు ఎక్కువతో ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలే చివరి దశ). అదేం చెడ్డది కాదు, నిదానంగా గెలవొచ్చు కూడా. మోర్ఫీ ఆ బంటును వదిలేసి గుర్రాన్ని సి3లో పెట్టాడు.

ఆ గుర్రం వల్ల బి4 నుంచి వచ్చే చెక్ మూసుకుపోయింది, అంటే ఇప్పుడు బి7కి నిజంగానే ప్రమాదం, కాబట్టి వాళ్ళు సి6 ఆడుకోవాల్సి వచ్చింది. మోర్ఫీది ఒక పావు బయటికొచ్చింది, వాళ్ళది ఒక బంటు కదిలిందంతే. పైగా ఇ7లో ఉన్న క్వీన్ ఎఫ్8 బిషప్‌కి (ఏటవాలుగా నడిచే పావు) దారి మూసేసింది. ఆ బిషప్, హెచ్8 రూక్ (ఏనుగు) చివరిదాకా ఒక్క అడుగు కదల్లేదు! 16వ ఎత్తులో క్వీన్‌ను బి8లో ఇచ్చేశాక మోర్ఫీకి ఒక రూక్, ఒక బిషప్ మిగిలాయి, మాట్‌కి ఆ రెండూ సరిపోయాయి. క్వీన్ బలి మీకు గుర్తున్నా మీ గేములో ఆ పొజిషన్ మళ్ళీ రాదు. "బంటు తీసుకోనా, పావు బయటికి తీయనా" అనే ప్రశ్న మాత్రం దాదాపు ప్రతి గేములోనూ వస్తుంది.

రెండోది 1924 న్యూయార్క్‌లో టార్టకోవర్ మీద కాపాబ్లాంకా ఆడిన రూక్ ఎండ్‌గేమ్, నాకు ప్రాణం ఇది. కాపాబ్లాంకా తెల్ల రూక్ హెచ్7లో కూర్చుని నల్ల రాజును వెనక వరసకు కట్టేసింది, నల్ల రూక్ సి3 బంటు మీద పడింది. మనలాంటివాళ్ళం ఆ బంటును ఎలా కాపాడాలా అని టెన్షన్ పడతాం. 35వ ఎత్తులో ఆయన రాజును జి3కి నడిపించాడు. సి3 బంటు చెక్‌తో సహా పోయింది, కాసేపటికి ఎఫ్4 బంటు కూడా చెక్‌తోనే పోయింది, ఆ మధ్యలో జి బంటు జి6కి చేరింది, రాజు హెచ్4, జి5 మీదుగా ఎఫ్6కి వెళ్ళి కూర్చున్నాడు. పక్కనే ఉన్న ఎఫ్5 నల్ల బంటును మాత్రం కొట్టలేదు, ఎందుకంటే ఎఫ్ ఫైల్లో (నిలువు వరసలో) నల్ల రూక్ చెక్‌లు తగలకుండా ఆ బంటే అడ్డం. ఇక రూక్ హెచ్8తో మాట్ బెదిరింపు.

ఇది పాతకాలం ముచ్చట అనుకోకండి. 2013లో ఇక్కడే చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ గెలిచిన 5, 6 గేములు రెండూ రూక్ ఎండ్‌గేమ్‌లే.

ఇంజిన్ సంగతి. వద్దని అనను, ఆఖరికి పెట్టండి. ముందు ఫోన్ పక్కన పెట్టి నిజం బోర్డు మీద గేమ్ ఆడుతూ, ఇలాంటి చోట మాస్టర్ ఎత్తును పేపర్‌తో మూసి, మీరైతే ఏం ఆడతారో, ఎందుకో ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాయండి. "ఎటాక్ బాగుంటుంది" అని కాదు, "బి4లో చెక్ ఆగుతుంది" అన్నంత స్పష్టంగా. తర్వాత మాస్టర్ ఏం ఆడాడో చూడండి, ఆ తర్వాతే ఇంజిన్. ఇంజిన్ రెండు ఎత్తులూ బాగున్నాయంటే తేడా ఏంటో వెతకండి, నా అనుభవంలో అసలు చదువంతా అక్కడే ఉంది. వారానికి ఒక్క గేమ్ చాలు.

ఈ రెండూ అయ్యాక 1953 జ్యూరిక్‌లో రెషెవ్‌స్కీ మీద పెట్రోసియాన్ నల్ల పావులతో ఆడిన గేమ్ తీయండి. 25వ ఎత్తులో రూక్‌ను తీసుకెళ్ళి తెల్ల బిషప్ కొట్టేచోట, ఇ6లో పెట్టాడు. గేమ్ డ్రా అయింది కదా అని దాటేయకండి. ఆ ఎత్తుకు ముందు ఆపి, సి6లో ఉన్న నల్ల గుర్రం ఎక్కడికి వెళ్తే బాగుంటుందో, దానికి ఏ గడి ఖాళీ కావాలో ఆలోచించండి. మీకు తోచింది రాసి ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.