బిడ్డా, ఆ ఎల్లిగడ్డ సీసాలు మాత్రం ఆపు

బిడ్డా,

నువ్వు హన్మకొండల ఇంటికాన్నే వంటల బిజినెస్ పెడుతున్నవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఇంక ఒలిచిన ఎల్లిగడ్డ నూనెల ఏసి సీసాలు, నాటుకోడి కూర గాలి తీసిన ప్యాకెట్లల్ల. మన ఇంటి ఆడపిల్ల సొంత పేరుతోని లేబుల్ కొట్టిస్తున్నదంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గాని ఆ చివరి రెండు పేర్లు విన్నంక నిద్ర పట్టలే, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, తిట్టినట్టు అనిపిస్తే ఓర్చుకో.

ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకో. సీసాలు ఉడకబెట్టి ఆరబెట్టు. తేదీ ఏయి. ఇవన్ని నీకు తెలిసినయే.

తొక్కుల గురించి నాకు రంది లేదు, పులుపు, ఉప్పు రెండూ గట్టిగ ఉంటయి, పీహెచ్ (పులుపు కొలత, ఎంత తక్కువుంటె అంత పులుపు) 4.6 కంటే కిందికి ఉంటె బోట్యులినం అనే విషం చేసే క్రిమి పెరగదు. ఎల్లిగడ్డకు ఆ పులుపు లేదు, మట్టిల పెరిగేది, మట్టిల ఈ క్రిమి స్పోర్లు, అంటే దాని మొండి గింజల లెక్కటియి, ఉంటయి, నూనెల ముంచితే గాలి ఆడది. దానికి కావాల్సింది అదే. 1985ల కెనడాల వాంకోవర్ల ఒక హోటల్ల నూనెల ఏసిన ఎల్లిగడ్డ తోని 36 మంది పడిపోయిన్రు.

నేను కొత్తగ పశువుల డాక్టర్‌గ పరకాల దిక్కు ఉన్నప్పుడు ఒక ఎండాకాలం ఒక ఊరి మనిషి ఉరికొచ్చిండు, ఆవులు ఎనక కాళ్లు పడిపోయి లేస్తలేవని. పోయి చూస్తె జ్వరం లేదు, నాలుక బయటికి గుంజితే మళ్ల లోపలికి తీసుకోలేకపోతున్నయ్. ఊరోళ్లు ఎవరో మందు పెట్టిన్రన్నరు, పక్క చేనోని మీద అనుమానం, కొట్లాట దాక పోయింది. అసలు సంగతి చెరువుకట్ట ఎనక ఉన్నది. చచ్చిన గొడ్లను పూడ్చకుండ అక్కడ పారేసుడు ఆ ఊరి అలవాటు, ఎండలకు గడ్డి లేక, ఒంట్ల భాస్వరం తక్కువైన ఆవులు పోయి ఆ ఎముకలు నమిలేది. కళేబరం లోపల గాలి ఆడది, ఈ బోట్యులినం క్రిమే అక్కడ పెరిగి విషం చేస్తది, ఎముకకు అంటిన ఎండిన మాంసం పీలిక చాలు. ఒక అవ్వ తన ఆవు మెడ పట్టుకొని గంజి తాపబోయింది, దానికి మింగుడు పడుతలేదు, ఊపిరితిత్తులల్లకు పోతది వద్దవ్వా అని గిన్నె పక్కకు పెట్టిచ్చిన. ఈ విషం నరం నుంచి కండకు పోయే కబురును ఆపుతది గాని తెలివిని ముట్టదు, ఆ ఆవు చివరి దాక ఆమెను గుర్తుపట్టింది. నా సంచిల దానికి ఇయ్యనీకి ఏ మందూ లేకుండె. తర్వాత కళేబరాలన్ని లోతుగ పూడ్చిపిచ్చినం, మిగిలిన ఆవులకు మినరల్ మిక్చర్ పెట్టిపిచ్చినం, అప్పుడు ఆగింది.

పశువులకు ఎక్కువ వచ్చేది సి, డి రకాల విషం, మనుషులకు ఏ, బి, ఈ, అప్పుడప్పుడు ఎఫ్. పని ఒక్కతీరే. నా సర్వీసంత నేను టీకాలేసింది దీని చుట్టాలకే, ఆవుల జబ్బవాపు, గొర్ల చిటుకరోగం, ధనుర్వాతం గూడ అదే క్లాస్ట్రిడియం వంశం.

ఇంకోటి జాగ్రత్తగ విను. ఎవరు ఈ విషం చేస్తె వాళ్లకు బోట్యులినం అని పేరు పెట్టిన్రు గాని, జన్యువులు చదివి చూస్తె అవి ఒకదానికొకటి దూరమైన నాలుగు గుంపులు. మొదటి గుంపుకు దగ్గరి చుట్టం స్పోరోజెనిస్ అనే క్రిమి, అదైతే మామూలుగ ఈ విషం చెయ్యదు. విషం చేసే జన్యువు కొన్నిట్ల ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క మీద, కొన్నిట్ల వైరస్ మీద ఉంటది కాబట్టి ఒక క్రిమి నుంచి ఇంకోదానికి పోగలదు. బ్యుటిరికం అనే వేరే జాతి గూడ కొన్నిసార్లు ‘ఈ’ (E) రకం విషం చేస్తది, 1996ల గుజరాత్‌ల హాస్టల్ పిల్లలు సేవ్ తిని పడిపోతె అనుమానం దాని మీదికే పోయింది.

నీ వంటకు దీనితోని ఏం పని అంటవేమో. మొదటి గుంపు స్పోర్లు మసిలే నీళ్లల్ల చావయి, 121 డిగ్రీలు మూడు నిమిషాలు కూర నడిమధ్యకు తగలాలె. రెండో గుంపు అంత వేడి ఓర్వదు గాని 3 డిగ్రీలకే పెరుగుతది, అంటే ఫ్రిజ్‌ల గూడ, పైగ వాసన రాదు. అందుకే బాగ ఉడికించిన, ఫ్రిజ్‌ల పెట్టిన, వాసన మంచిగున్నది అని నువ్వు నాకు చెప్పే మూడు మాటలూ చాలవు. ఇంటి కుక్కర్ల ప్యాకెట్ నడిమికి ఎంత వేడి పోయిందో ఎవరికి తెలుసు? కూర ప్యాకెట్లు రిటార్ట్ మిషన్ (ప్యాకెట్‌ను ఒత్తిడి మీద ఆ వేడి దాక ఉడికించేది) ఉన్నకాడ చేయించు, మైసూరుల ఆహార పరిశోధన సంస్థ సిఎఫ్‌టిఆర్ఐ వాళ్లను అడుగు. అంతదాక కూరను ఫ్రీజర్ల గడ్డకట్టిచ్చి ఊర్లనే అమ్ముకో.

అల్లం ఎల్లిగడ్డ పేస్టుల నిమ్మ ఉప్పు కలిపి రుబ్బి, పీహెచ్ చూసినంకనే మూతపెట్టు. మీటర్ నేను కొనిస్త. మంచిగ చేస్తవు నువ్వు, చిన్నప్పుడు మా సంచిల థర్మామీటర్ గూడ కడిగి పెట్టేదానివి.

ఈ స్పోర్ల భయానికే ఇంకో మాట, చంటోనికి ఏడాది నిండేదాక తేనె పెట్టకు, మీ అత్తమ్మ చెప్పినా సరే. ఎవరికన్న రెప్పలు వాలి, ఒకటి రెండుగ కనబడి, మాట ముద్దగొస్తె ఎంజీఎం దవాఖానకు ఉరకాలె, యాంటీటాక్సిన్ (విషానికి విరుగుడు మందు) ఎంత తొందరగ పడితె అంత మంచిది, నరాన్ని పట్టుకున్న విషాన్ని అది విడిపించలేదు.

ఎల్లిగడ్డ సీసాలు ఇప్పటికే ఎవరికన్న అమ్మినవా? అమ్మి ఉంటె ఇయ్యాలే అందరికి ఫోన్ చెయ్యి, రుచి చూడకుండ పారేయమను, పైసలు వాపస్ ఇయ్యి. ఆ పైసలు నేనిస్త. చేసినంక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ పెద్దబాపు