సోలార్ ప్యానెళ్లు ఎక్కువ పెట్టేస్తే జీరో ఎనర్జీ బిల్డింగ్ అయిపోదా, గోడలు కిటికీల మీద అంత ఖర్చెందుకు?

లెక్క ప్రకారం అయిపోతుందండి. ఏడాది మొత్తమ్మీద వాడుకున్న ఎనర్జీ, అక్కడే పుట్టించుకున్నది సమానమైతే చాలు, కాబట్టి మీరడిగింది తీసిపారేసే ప్రశ్నేం కాదు. చిక్కల్లా రూఫ్ దగ్గరే. నేను బిల్డింగ్‌లకి ఎనర్జీ మోడలింగ్ (ఎంత ఎనర్జీ పడుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం) చేస్తుంటా, ఒకటి రెండంతస్తులైతే ఎలాగోలా నెట్టుకురావచ్చు గానీ అంతస్తులు పెరిగేకొద్దీ వాడకం పెరుగుతుంది, రూఫ్ మాత్రం అంతే ఉంటుంది, అందులోనూ లిఫ్ట్ రూమ్, ట్యాంకులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు పోగా ప్యానెళ్లకి మిగిలే జాగా చూపిస్తే క్లయింట్ మొహం మారిపోతుంది. ఇక వాడకం తగ్గించుకోవడమే దారి. గోడలు, రూఫ్, కిటికీలు, తలుపులు, అంటే ఎన్వలప్ సంగతి అక్కడే వస్తుంది.

నేను ముందు చూసేది కిటికీలు. సింగిల్ గ్లాస్ యూ-వ్యాల్యూ 5.7 దగ్గరుంటుంది, లో-ఈ కోటింగ్ (వేడిని వెనక్కి కొట్టే పల్చటి పూత), మధ్యలో ఆర్గాన్ గ్యాస్ ఉన్న డబుల్ గ్లాస్ 1.1-1.4కి దిగుతుంది (నంబర్ ఎంత తక్కువైతే వేడి అంత తక్కువ దాటుతుంది). కానీ ఎండ ఎక్కువుండే చోట ఇదొక్కటే చూసి కొనేస్తే లాభం లేదు, ఎస్‌హెచ్‌జీసీ అని ఇంకో నంబర్ ఉంటుంది, పడిన ఎండలో ఎంత వంతు వేడిగా లోపలికొస్తుందో చెప్పేది అదే, చాలామంది దాన్ని అడగను కూడా అడగరు. నీడ కూడా గ్లాస్‌కి బయటే పడాలి, లోపల కర్టెన్ వేసేసరికి వేడి గదిలోకొచ్చేసి ఉంటుంది. పడమటి కిటికీలకి బయట లూవర్లు (ఎండని ఆపే అడ్డపట్టీలు) పెట్టి మోడల్ మళ్లీ రన్ చేస్తే పీక్ కూలింగ్ లోడ్, అంటే బాగా వేడిగా ఉన్నప్పుడు ఏసీ మీద పడే భారం, ఎలా దిగుతుందో చూడాలి మీరు! లోడ్ దిగితే ఏసీ చిన్నది చాలు, డక్టులు చిన్నవి, ప్యానెళ్లు తక్కువ, అంటే ఎన్వలప్ మీద పెట్టిన డబ్బు కొంత అక్కడే తిరిగొచ్చేస్తుంది.

ఇంకోటి గాలి లీకులు, ఇవి డ్రాయింగ్‌లో కనపడవు. ఫ్రేముకీ గోడకీ మధ్య సందులు, పైపులు కేబుళ్లు దూరే కంతలు. చాలా తక్కువ ఎనర్జీతో నడిచే బిల్డింగ్‌ల కోసం పెట్టిన పాసివ్ హౌస్ స్టాండర్డ్‌లో అయితే 50 పాస్కల్స్ ప్రెషర్ దగ్గర గంటకి 0.6 ఎయిర్ చేంజెస్ (లోపలి గాలి మొత్తం ఎన్నిసార్లు మారుతుందనే లెక్క) దాటకూడదు, తలుపు దగ్గర ఫ్యాన్ బిగించి చేసే బ్లోయర్ డోర్ టెస్ట్‌తో కొలుస్తారు. ఆ టెస్ట్ ఫినిషింగ్‌కి ముందే ఒకసారి పెట్టించండి, తర్వాత లీక్ దొరికితే పగలగొట్టుకోవాలి. అంత టైట్‌గా కట్టాక మెకానికల్ వెంటిలేషన్ (ఫ్యాన్లతో గాలి మార్చడం) తప్పదు, లేదంటే తేమ, బూజు, ఉక్కపోత.

ఇన్సులేషన్ ఎంత మందముంటే అంత మంచిదా అంటే అదీ కాదు. మొదటి 5 సెంటీమీటర్లు చేసినంత పని తర్వాతి 5 చేయవు. పైగా జనం, కంప్యూటర్లు ఎక్కువున్న ఆఫీసులో లోపలే బోలెడు వేడి పుడుతుంది, మందపాటి ఇన్సులేషన్ దాన్ని లోపలే పట్టేస్తుంది, రాత్రిళ్లు బయట చల్లబడే చోటైతే కిటికీలు తీసి దాన్ని బయటికి పోనివ్వడమే నయం.

మీది ఎన్నంతస్తులో, పడమర వైపు గ్లాస్ ఎంతుందో చెప్తే ఇంకాస్త పక్కాగా చెప్పగలను.