కారు ఆటో ఏసీని 18కి తిప్పితే త్వరగా చల్లబడుతుందా?

లేదండి. ఆటో ఏసీ అంటే మీరు కోరిన చల్లదనానికి తగ్గట్టు తనంతట తానే సర్దుకునే ఏసీ. మీరు పెట్టే అంకె లోపల ఎంత చల్లదనం కావాలో చెబుతుంది, వేగాన్ని కాదు. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలిపిన కారెక్కి 24 పెట్టినా 18 పెట్టినా, మొదట్లో ఏసీ పూర్తి బలంతోనే నడుస్తుంది. 18 అయితే కంప్రెసర్‌కు విశ్రాంతి తక్కువ, ఇంధనం దండగ.

మొదట కిటికీ అద్దాలు దించి రెండు నిమిషాలు వేడిగాలిని పోనివ్వండి. తర్వాత 24 పెట్టి ఆటో నొక్కి వదిలేయండి. ఫ్యాన్‌ను చేత్తో మారిస్తే చాలా కార్లలో అది ఆటో నుంచి బయటికి వచ్చేస్తుంది.

ముఖ్యంగా, చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం దగ్గర చిన్న నల్లటి బొడిపె ఉంటుంది. ఎండను పసిగట్టే సెన్సర్ అదే. దానిమీద దేవుడి బొమ్మ, టవలు పెట్టకండి. ఎండ లేదనుకుని ఏసీ చల్లదనం తగ్గించేస్తుంది.