క్వారీ డంపు మీద వయ్యారిభామ, పక్కన వేరుశనగ చేను

ప్రశ్న: మా వేరుశనగ చేను పక్కనే గ్రానైట్ క్వారీ ఉంది. వాళ్ళు పోసిన మట్టి కుప్పల నిండా వయ్యారిభామ (పార్థీనియం కలుపు) మొలిచి, విత్తనం మా గట్ల మీదికి వస్తోంది. లీజుకిచ్చిన మా ఎకరం పొలాన్ని వచ్చే ఏడాది చదును చేసి తిరిగిస్తామంటున్నారు. ఇప్పుడే మందు కొట్టమంటారా?
– ఒక రైతు, కుప్పం మండలం

జవాబు: మందు సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ కుప్పల్లో పైమట్టి ఏదో, రాతి చెత్త ఏదో కనుక్కోండి. మీ ఎకరంలో రేపు పంట పండాలంటే పైమట్టి విడిగా ఉండాలి. రెండూ కలిపి పోసి ఉంటే ఇప్పుడే అభ్యంతరం చెప్పండి, చదును చేశాక చెప్పి లాభం లేదు. తవ్వకం ముగిసిన గనుల్లో పశుగ్రాసం పెరిగేలా మళ్ళీ గడ్డి పెంచాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది. క్వారీవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తు చేయండి.

పైమట్టి కుప్పను రెండు మీటర్లకు మించి ఎత్తు పోయనివ్వకండి. తొలకరికే దాని మీద స్టైలో గడ్డి (పశువుల మేత పైరు) విత్తనం చల్లించండి. ఎకరానికి 4 కిలోలు సరిపోతుంది. గింజ పైపొర గట్టిది కాబట్టి బాగా వేడిగా ఉన్న (80 డిగ్రీల) నీళ్ళలో 4 నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టాలి. స్టైలో దొరక్కపోతే ఉలవ, పిల్లిపెసర చల్లినా ఫరవాలేదు. వయ్యారిభామకు ఖాళీ నేల ఉంటే చాలు, దట్టంగా మరొకటి పెరిగితే మొలవడానికి దానికి చోటుండదు. పచ్చదనం కోసమని సర్కారు తుమ్మ మాత్రం వేయనివ్వకండి. కాయలు మేకలు తింటాయి, గింజ పెంటికల్లో మీ చేలోకే వస్తుంది. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

వయ్యారిభామను వాన పడ్డ మర్నాడు, పూత రాకముందే, వేరుతో సహా పీకించండి. ఒక్క మొక్క వేలల్లో విత్తనం రాలుస్తుంది. చేతికి గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దీనివల్ల దురదలు, ఆయాసం తెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పూత రానివి కంపోస్టు గుంతలో వేయవచ్చు, పూసినవి ఎండబెట్టి కాల్చేయండి. టిప్పర్ల టైర్లకు అంటిన తడిమట్టితో కూడా విత్తనం వస్తుంది. మీ గట్టు పక్క దారిని వారానికోసారి చూస్తూ ఉండండి.

మీ విషయంలో అసలు భయం వేరే ఉంది. వేరుశనగలో కాండం కుళ్ళు వైరస్ తెగులు ఎక్కువగా వయ్యారిభామ పుప్పొడి నుంచే వస్తుంది. వయ్యారిభామలో మాత్రం తెగులు లక్షణం ఏదీ కనబడదు. తామర పురుగులు (రసం పీల్చే సన్నటి పురుగులు) ఆ పుప్పొడిని మోసుకొచ్చి మీ మొక్కల మీద చేరుస్తాయి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ విస్తారంగా దెబ్బతిన్నది ఇందుకే. అందుకని కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. (విత్తనానికి పట్టించే పురుగుమందు) పట్టించి విత్తండి. ఆ పురుగులకు అడ్డుగా క్వారీ వైపు నాలుగు సాళ్ళు జొన్న లేదా సజ్జ వేయండి.

ఇక కలుపు మందులు. 2,4-డి వాడితే ఆవిరి, తుంపరలు గాలికి వచ్చి మీ వేరుశనగనే కాదు, పక్కవాళ్ళ టమాటా, మల్బరీని కూడా మాడుస్తాయి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే (మందు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్ళు) కొట్టాలని కేంద్రం 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది కానీ ఉత్త రాతి చెత్త మీదే కొట్టించండి. పైమట్టి కుప్పల మీద వద్దు, రేపు మీ ఎకరంలో పరిచేది ఆ మట్టినే.