సెక్షన్‌లో నీ మాట చెల్లాలంటే

అమ్మడూ,

జూనియర్ అసిస్టెంట్‌గా చేరి మూడు నెలలైనా సెక్షన్‌లో నా మాట ఎవరూ వినడం లేదత్తా అని మొన్న ఫోన్‌లో ఏడ్చావు. మా సెక్షన్‌లో ఇంకొకాయనలా నేను కూడా పొద్దున్నే ఆఫీసర్ గారి ఛాంబర్‌లోకి వెళ్లి నిలబడాలా అన్నావు. వద్దమ్మా. ఆఫీసర్ గారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన సాయంత్రమే అలాంటివాళ్ల ముఖాలు వాడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రెవెన్యూలో మన బలమంతా నోట్ ఫైల్లో, అంటే ఆఫీసర్ నిర్ణయం కోసం మనం రాసి పెట్టే నోట్‌లో ఉంటుంది. ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చినా సంగతి అదే. నీ నోట్ చదివి, వెనక పేజీలు తిరగేయకుండా ఆఫీసర్ సంతకం పెట్టారంటే ఆ రోజు నుంచి సెక్షన్ నిన్ను అడిగే ముందుకెళ్తుంది. అందుకని రాసిన ప్రతి విషయానికీ పేజీ నంబరు వెయ్యి. భూమి ఫైలైతే మూల రికార్డైన ఆర్‌ఎస్‌ఆర్, సాగు వివరాలుండే అడంగల్ నీ కళ్లతో చూడు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా కాదా, అలాంటి భూముల బదిలీల మీద వచ్చిన 1977 చట్టం కిందికి వస్తుందా అన్నది ముందే తేల్చు. నీ నోట్‌కి అడ్డుగా ఉన్న కాగితాన్ని కూడా దాచకుండా పెట్టు.

నేనొకసారి తొందరలో పాత అడంగల్ చూసి నోట్ పెట్టాను. నన్ను నమ్మి ఆఫీసర్ గారు సంతకం చేశారు. కోర్టులో కౌంటర్, అంటే మన తరఫు జవాబు, వేసేటప్పుడు తప్పు బయటపడి ఆయనకి మెమో వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆరు నెలలపాటు నా ఫైలు వచ్చినప్పుడల్లా పేజీ పేజీ తిప్పి చూశారు. ఎదురుగా నిలబడి ఆ చప్పుడు వినడం తిట్లకన్నా కష్టం. ఆ పరిస్థితి నీకు రాకూడదు.

రికార్డు రూమ్ అటెండర్‌ని గౌరవంగా పలకరించు. ఏ కట్ట ఏ ర్యాకులో ఉందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నీకొచ్చిన కాగితాల లెక్క ఉండే పర్సనల్ రిజిస్టర్ ఏ రోజుది ఆ రోజే రాసుకో. సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజుల గడువు, చివరి వారం దాకా ఆగకు. అర్జీ పట్టుకుని వచ్చిన ముసలాయనకి ఫైల్ నంబరు చీటీ మీద రాసివ్వు, బ్రోకర్ చేతిలో పడకుండా ఉంటాడు.

డిపార్ట్‌మెంటల్ టెస్టులు మాత్రం వాయిదా వెయ్యకు, ప్రమోషన్ అక్కడే ఆగిపోతుంది. నా రెవెన్యూ టెస్టు పుస్తకాలు ఆదివారం మీ నాన్నతో పంపిస్తాను. చట్ట సవరణలు మాత్రం కొత్తవి చూసుకో.

మీ అత్త