బట్టల షాపు ప్రాజెక్టు ఒప్పుకున్నావట

చిన్నీ,

ఉద్యోగం మానేసి ఇద్దరు ఫ్రెండ్స్‌తో కంపెనీ పెట్టావనీ, కూకట్‌పల్లిలో బట్టల షాపు వాళ్లకు దసరాకల్లా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేస్తానని మాటిచ్చావనీ మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. తర్వాత నిద్ర పట్టలేదు. నువ్వు మీ నాన్న పోలిక. ఎదురుగా కూర్చున్న మనిషికి కాదని చెప్పడం మీ ఇంటావంటా లేదు.

అడిగినవన్నీ రాసుకో, తేదీ వేసి సంతకం తీసుకో, వారం వారం డెమో చూపించు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నా భయమంతా "చిన్న మార్పేగా" అనే మాటతోనే. నేను టెస్టింగ్‌లో కొత్తగా చేరినప్పుడు కోఠీలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారికి స్టాకు సాఫ్ట్‌వేర్ చేశాం. సగం పని అయ్యాక ఆయన "బిల్లు మీద బ్యాచ్ నంబరు కూడా రావాలండీ, ఒక్క కాలమ్" అన్నాడు. మా టీమ్ లీడ్ టీ తాగుతూనే "అదెంత సార్, రెండ్రోజులు" అనేశాడు. ఎక్కడా రాసుకోలేదు.

మేమేమో స్టాకంతా మందు పేరు మీద లెక్కగట్టాం. అక్కడ అల్మారాలో ఒకే మందు మూడు బ్యాచ్‌లుగా ఉంటుంది. ఒక్కోదానికి ఎక్స్‌పైరీ వేరు, ఎమ్మార్పీ కూడా వేరు కావచ్చు. పది కొంటే ఒకటి ఫ్రీ అన్నప్పుడు ఆ ఫ్రీ స్ట్రిప్పు ఏ బ్యాచ్‌లోంచి తగ్గించాలి? గడువు తీరి వెనక్కొచ్చిన సరుకును ఏ ధరకు జమకట్టాలి? డేటాబేస్ టేబుళ్లు మారాయి, రిపోర్టులు మారాయి, నేను పాస్ చేసిన టెస్టులన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. తేదీ దాటిపోతోందని మా లీడ్ అమీర్‌పేటలో అప్పుడే కోర్సు పూర్తిచేసిన ఇద్దరు కుర్రాళ్లను తెచ్చి కూర్చోబెట్టాడు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 1975లోనే రాశాడు. మా దగ్గరా అదే జరిగింది, పని తెలిసినవాళ్లంతా వీళ్లకు నేర్పుతూ కూర్చున్నారు. ఆఖరి వాయిదా డబ్బులు రానేలేదు.

బిల్లు కొట్టే గుమాస్తాను మొదటివారం ఒక్క పూట కూర్చోబెట్టి అడిగితే ఇదంతా తెలిసిపోయేది. యజమాని చెప్పిందే వేదం అనుకుని ఆ గుమాస్తాను ఎవరూ పలకరించలేదు.

కాబట్టి నువ్వు ఒక శనివారం సాయంత్రం ఆ షాపు కౌంటర్ పక్కన నిలబడు. చీర కొన్నావిడ ఫాల్, పీకోకి ఇచ్చి వెళ్తే ఆ డబ్బు అదే బిల్లులో పడుతుందా? ఆషాఢం సేల్‌లో కొన్న డ్రెస్సు శ్రావణంలో మార్చుకోవడానికి తెస్తే ఏ ధర కడతారు? ఏసీ గదిలో కూర్చున్న యజమానికి ఇవి గుర్తురావు.

కొత్తది అడిగినప్పుడు ముఖం మీద కాదనకు, సరేననీ అనకు. "చూసి రేపు చెప్తానండీ" అను. రేపు చెప్పేటప్పుడు ఎన్ని రోజులు, ఎంత డబ్బు, దీనికోసం ఏది వెనక్కి జరుగుతుంది, ఈ మూడూ కలిపే చెప్పు. డీఎస్‌డీఎమ్ అని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే పద్ధతి ఒకటుంది, అందులో తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదంటారు. మీ జాబితాలో అన్నీ తప్పనిసరే అయితే ఆ తేదీ ఇప్పుడే పోయినట్టు.

కొన్ని మార్పులు క్లయింట్ చేతిలో కూడా ఉండవు. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజే జీఎస్టీ రేట్లు మారాయి. రెడీమేడ్ దుస్తుల మీద 5 శాతం పన్ను పరిమితి వెయ్యి నుంచి 2,500 రూపాయలకు పెరిగింది, అది దాటితే 12 పోయి 18 వచ్చింది. రేటు, పరిమితి, అమల్లోకొచ్చే తేదీ, మూడూ టేబుల్‌లో పెట్టు, కోడ్‌లో రాయకు. పాత బిల్లు సరుకు వెనక్కొస్తే పాత రేటే పడాలి మరి.

ఇంకోటి, దసరా అన్నారని దసరా ముందురోజు సాఫ్ట్‌వేర్ ఆన్ చెయ్యకు. భాద్రపదంలో పెళ్లిళ్లు ఉండవు, కౌంటర్ కాస్త తీరిగ్గా ఉంటుంది. అప్పుడే మొదలుపెట్టించు. పనిలో పడి తిండి మానేశావని తెలిసిందో, నేనే క్యారియర్ పట్టుకుని మీ ఆఫీసుకొస్తాను.

ఇంతకీ అడ్వాన్స్ తీసుకున్నావా? మీ అమ్మ ఆ మాట ఎత్తలేదు, నువ్వు మొహమాటపడి అడగలేదని నా అనుమానం. రేపే ఫోన్ చేసి అడుగు. మరీ ఇబ్బందిగా ఉంటే మా పెద్దమ్మ పోరుతోందండీ అని చెప్పు.

మీ పెద్దమ్మ